మైనం పూసిన బుల్లెట్ల విషయంలో మా రేంజ్‌లో కొత్త పద్ధతి

నమస్తే అండీ. డాలస్ పక్కన ఉన్న మన ఇండోర్ షూటింగ్ రేంజ్‌కి వచ్చే తెలుగువాళ్ళందరి కోసం ఇది రాస్తున్నాను. శని, ఆదివారాల సాయంత్రాలు లేన్లలో పొగ కమ్ముకుంటోందని, పక్కవాళ్ళు ఇంట్లో పోసుకున్న సీసం బుల్లెట్లు కాలుస్తుంటే టార్గెట్ కూడా సరిగ్గా కనపడటం లేదని ఈమధ్య చాలామంది చెప్పారు. ఇంకోపక్క, సొంతంగా బుల్లెట్లు పోసుకునేవాళ్ళు "ఇక మమ్మల్ని రానివ్వరా?" అని అడుగుతున్నారు. రెండువైపుల వాళ్ళకీ ఒకేచోట జవాబు చెప్పడం మంచిదనిపించింది.

ముందు నిర్ణయం చెప్పేస్తాను. వచ్చే నెల నుంచి మైనం పూసిన బుల్లెట్లు, అంటే సీసం బ్యారెల్‌కి అంటుకోకుండా మైనం పట్టించిన పోత బుల్లెట్లు, మంగళ, బుధవారాల్లో పొద్దున పూట మాత్రమే కాల్చుకోవచ్చు. మైనం బదులు రంగు పొడి పట్టించి ఒవెన్‌లో కాల్చిన, అంటే పౌడర్ కోటింగ్ చేసినవైతే ఎప్పుడైనా సరే. లేన్ అద్దె రెండు డాలర్లు పెరుగుతుంది. ఆ డబ్బంతా ఫిల్టర్లకే పోతుంది. పోత బుల్లెట్లను పూర్తిగా ఆపేయాలని కొందరు సలహా ఇచ్చారు కానీ నాకు మనసొప్పలేదు. గరాజ్‌లో సీసం కరిగించి, ఒక్కో బుల్లెట్ చేత్తో తయారు చేసుకుని వచ్చేవాళ్ళకి తుపాకీ మీద ఉన్న శ్రద్ధ మామూలుది కాదు. వాళ్ళని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

అసలు ఈ పొగ ఎక్కడిది? తుపాకీమందు నుంచి వస్తోందని చాలామంది అనుకుంటారు. ఇప్పటి మందులో పొగ తక్కువే. ఎక్కువ భాగం బుల్లెట్ చుట్టూ ఉండే గాడిలో నింపిన మైనం నుంచి వస్తుంది. తేనెమైనం, అలాక్స్ అనే కందెన సగం సగం కలిపిన పాత మిశ్రమం సీసం బ్యారెల్‌కి అంటుకోకుండా బాగానే కాపాడుతుంది కానీ, వేడికి కరిగి, కాలి, తెల్లటి పొగై తుపాకీ మూతి ముందే నిలబడిపోతుంది. లిక్విడ్ అలాక్స్‌లో దొర్లించినవాటిదీ అదే కథ. బుల్లెట్లు తేనె రంగు తిరిగి చేతికి జిగటగా తగిలితే పూత ఎక్కువైనట్టే. గాడిలో ఉండాల్సిన మైనం అడుగుకి కూడా అంటితే మంట నేరుగా దాని మీదే పడుతుంది. మందు ఎంపిక వల్ల కూడా తేడా వస్తుంది. టైట్‌గ్రూప్ లాంటి బాగా వేడిగా కాలే మందుతో మైనం బుల్లెట్లు ఎక్కువ పొగ పెడతాయని ఈ పని చేసేవాళ్ళలో చాలామందికి అనుభవమే.

అసలు విషయం ఇక్కడే ఉంది. కళ్ళకి కనిపించే పొగలో ఎక్కువ భాగం మైనమే. మనకి హాని చేసే సీసం కంటికి కనపడదు. తూటా అడుగున మందుని అంటించే ప్రైమర్‌లో ఉండే లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు పదార్థం నుంచి కొంత వస్తుంది, బుల్లెట్ అడుగున బయటికి కనపడే సీసం మీద వేడి గ్యాసు కొట్టినప్పుడు ఇంకొంత వస్తుంది. అందుకే పొగ లేదు కదా అని గాలి శుభ్రంగా ఉందనుకోకండి. పైన రాగి తొడుగున్నా అడుగు తెరిచి ఉండే మామూలు జాకెట్ బుల్లెట్లతో కూడా సీసం గాల్లోకి వస్తుంది. పౌడర్ కోటింగ్ అడుగుతో సహా బుల్లెట్ మొత్తాన్ని కప్పేస్తుంది కాబట్టి పొగతో పాటు సీసం కూడా తగ్గుతుంది. నేను దాని వెంట పడటానికి కారణం అదే. ప్రైమర్ సీసం మాత్రం అలాగే ఉంటుంది. దానికి గాలి బాగా ఆడటమే విరుగుడు.

ఆ గాలి సంగతికొస్తే, కాల్చేవాళ్ళు నిలబడే చోట గాలి వెనకనుంచి టార్గెట్ వైపు నిమిషానికి 75 అడుగుల వేగంతో, తక్కువలో తక్కువ 50 అడుగులతో సాగాలని పనిచేసేవాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫార్సు. మన ఫ్యాన్లు ఆ లెక్క ప్రకారమే పెట్టించాను. కానీ ఫిల్టర్లు మైనం మసితో మూసుకుపోయేకొద్దీ ఆ వేగం పడిపోతుంది. మీరు పేల్చాక పొగ ముందుకు పోకుండా మొహం వైపు తిరిగి వస్తోందంటే వెంటనే కాల్చడం ఆపి మా కుర్రాళ్ళకి చెప్పండి. మీరు గంటసేపు ఉండి వెళ్ళిపోతారు, వాళ్ళు రోజంతా అక్కడే ఉంటారు. ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల సీసం దాటకూడదని పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నిబంధన. నా దగ్గర పనిచేసే పిల్లల రక్తపరీక్షల కాగితాలు వచ్చిన ప్రతిసారీ నాకు టెన్షనే.

కోటింగ్ పెద్ద ఖర్చూ కాదు, పెద్ద కష్టమూ కాదు. అడుగున రీసైక్లింగ్ గుర్తులో 5 అంకె ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అందులో బొమ్మ తుపాకుల్లో వాడే నల్లటి ఎయిర్‌సాఫ్ట్ ప్లాస్టిక్ గోళీలు, బుల్లెట్లు, చెంచాడు పాలియెస్టర్ పౌడర్ వేసి గట్టిగా కుదపండి. రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తుతో పౌడర్ బుల్లెట్‌కి అతుక్కుంటుంది. బుల్లెట్లను పటకారుతో ఒక్కొక్కటే తీసి, అంటుకోని ఫాయిల్ మీద నిలబెట్టి, టోస్టర్ ఒవెన్‌లో 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. ఒవెన్ డయల్‌ని నమ్మకండి, లోపల విడిగా ఒక థర్మామీటర్ పెట్టండి. ఆ ఒవెన్‌లో మళ్ళీ జన్మలో తిండి వండకూడదు. చల్లారాక ఒక బుల్లెట్‌ని సుత్తితో చదునుగా కొట్టండి. పూత రేకులుగా ఊడకుండా సీసంతో పాటే సాగితే సరిగ్గా కాలినట్టు. అసిటోన్ ముంచిన గుడ్డతో రుద్దితే రంగు అంటుకుంటే మళ్ళీ ఒవెన్‌లో పెట్టాల్సిందే. పూతతో బుల్లెట్ లావు పెరుగుతుంది కాబట్టి, బుల్లెట్‌ని సరైన కొలతకి తెచ్చే సైజింగ్ డై గుండా తోశాకే తూటాలో లోడ్ చేయండి. మందు మార్చినా, బుల్లెట్ మార్చినా రీలోడింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన అతి తక్కువ మోతాదు నుంచే మొదలుపెట్టండి. పొగ తగ్గుతుందని మందు మోతాదు పెంచే పని మాత్రం ఎవరూ చేయొద్దు.

మైనమే కావాలనుకునేవాళ్ళు రెండు గాళ్ళుంటే ఒక్కదాన్నే నింపి, అడుగుని గుడ్డతో శుభ్రంగా తుడవండి. లిక్విడ్ అలాక్స్ వాడేవాళ్ళు దాన్ని 45 పాళ్ళు, పేస్ట్ వ్యాక్స్ 45 పాళ్ళు, మినరల్ స్పిరిట్స్ 10 పాళ్ళు కలిపి, ఉందా లేదా అన్నంత పల్చగా పట్టించండి. జిగట పోతుంది, పొగా తగ్గుతుంది.

ఇంకొక్క మాట, ఇది కొంచెం కటువుగానే చెప్తాను. లేన్ వెనక బెంచీల మీద జంతికలు, చెగోడీల పొట్లాలు విప్పడం మానేయండి. తుపాకీ పట్టుకున్న చేత్తో తింటే సీసం నేరుగా కడుపులోకే. ముందు చన్నీళ్ళతో సబ్బు పెట్టి చేతులు, మొహం కడుక్కోండి. చెప్పులు గుమ్మం బయటే విడిచే అలవాటు మనకెటూ ఉంది. రేంజ్ బట్టలు కూడా ఇంట్లోకి రాగానే మార్చేసి విడిగా ఉతకండి, ఆ తర్వాతే పిల్లల్ని ఎత్తుకోండి. 2021లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పిల్లల రక్తంలో సీసం హెచ్చరిక గీతని డెసిలీటరుకి 5 మైక్రోగ్రాముల నుంచి 3.5కి దించింది. పాకే పిల్లలున్న ఇంట్లో నేల మీది దుమ్ము చాలు. అందుకే మేమిక్కడ చీపురు అసలు పట్టం, సన్నటి దుమ్మునీ పట్టేసే ఫిల్టరున్న హెపా వ్యాక్యూమే వాడతాం. ఖాళీ షెల్స్ చీపురుతో ఊడవద్దని మిమ్మల్ని ఆపేదీ అందుకే.

కోటింగ్ మొదటిసారి చేస్తున్నవాళ్ళు నాలుగైదు బుల్లెట్లు పట్టుకురండి. కౌంటర్ దగ్గర సుత్తి, అసిటోన్, లావు కొలిచే కాలిపర్ ఉంచాను, కలిసి చూద్దాం. రంగు పౌడర్ కూడా చిన్న పొట్లాలుగా కట్టి పెట్టాను, ముందు అది వాడి చూసి తర్వాత పెద్ద డబ్బా కొనుక్కోండి.