క్యాష్ మిస్సుల అంకెలు ఎందుకు తేడా వచ్చాయంటే

కర్నూలు, ఆదోని, నంద్యాల నుంచి మా దగ్గర సర్వర్ ప్రొఫైలింగ్ (ప్రోగ్రాం ఎక్కడ టైము తింటోందో కొలవడం) చేయించుకునే వాళ్లందరికీ. ఈ నెల రిపోర్టులు ఆలస్యమయ్యాయి. ఎందుకో ఉన్నదున్నట్టు చెప్తున్నా.

ఆదోనిలో జిన్నింగ్ మిల్లుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే కస్టమర్ ఫోన్ చేసి, "ఏమన్నా, కోడ్ ముట్టుకోనేలేదు, క్యాష్ మిస్సులు ఒక్కో రన్‌లో ఒక్కో మాదిరి వస్తున్నాయి, ఎట్లా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. క్యాష్ మిస్సంటే డబ్బు సంగతి కాదు, ప్రాసెసర్‌కి కావాల్సిన డేటా దాని పక్కనుండే వేగమైన మెమరీలో దొరక్కపోవడం.

మీలో చాలామంది దగ్గరున్న స్కైలేక్ అనే ప్రాసెసర్ల కాలం ఇంటెల్ సర్వర్లలో, హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండు థ్రెడ్లుగా పనిచేయడం) ఆన్‌లో ఉంటే, ఒక్కో థ్రెడ్‌కి మనం కోరిన ఈవెంట్ (క్యాష్ మిస్సు లాంటి ఘటన) పెట్టుకునే కౌంటర్లు, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే లెక్క మీటర్లు, నాలుగే. సైకిళ్లకీ (ప్రాసెసర్ గడియారం టిక్కులకీ) ఇన్‌స్ట్రక్షన్లకీ ఫిక్స్‌డ్ కౌంటర్లు వేరే ఉంటాయి గానీ, సైకిళ్లది మామూలుగా లైనక్స్ ఎన్‌ఎంఐ వాచ్‌డాగ్ (కోర్లు బిగుసుకుపోకుండా చూసే కాపలా) చేతిలో ఉంటుంది, దాంతో మన సైకిళ్లు కూడా ఆ నాలుగింట్లోకే దిగాలి. మానిటరింగ్‌కని కొన్న ఏజెంటు ప్రోగ్రాం అందులో రెండింటిని పిన్ చేసుకుని రాత్రీపగలూ వదల్లేదు. ఇక పెర్ఫ్ (మేం కొలిచే లైనక్స్ టూల్) ఏం చేస్తుంది, మిగిలిన వాటిలో ఈవెంట్లను వంతులవారీగా తిప్పి, లెక్కపెట్టని టైముకి హెచ్చవేసి చూపిస్తుంది. ఉల్లి మార్కెట్లో సగం బస్తాలు కాటా వేసి రెండుతో గుణించినట్టు. లోడు ఒకేలా ఉంటే పర్లేదు, సాయంత్రం బిల్లులన్నీ ఒక్కసారి మీద పడే చోట ఆ లెక్క నిలబడదు.

ఏజెంటు అమ్మిన కంపెనీ డాక్యుమెంట్లలో ఈ సంగతి ఒక్క ముక్క లేదు. అడిగితే మొదట "మాది కౌంటర్ల జోలికే పోదు" అన్నారు. ఏజెంటు ఆపగానే అంకెలు కుదురుకున్న స్క్రీన్‌షాట్లు పంపాక మాట మార్చి, వాచ్‌డాగ్ ఆపేసుకోండని సలహా ఇచ్చారు. వాళ్ల సరుకుకి చోటు కోసం మనం సర్దుకోవాలట, అదీ డబ్బులిచ్చి!

నిద్ర పట్టనిది మాత్రం ఆ సలహా దగ్గరే. పూర్తిగా పిచ్చిది కాదు, పెర్ఫ్ కూడా ఒక్కోసారి అదే మాట ప్రింట్ చేస్తుంది, ఆపితే రన్లు తగ్గి రిపోర్టు తొందరగా ఇవ్వొచ్చు. కానీ ఏదైనా కోర్ ఇంటరప్టులు (మధ్యలో వచ్చే పిలుపులు) ఆపుకుని బిగుసుకుపోతే కనిపెట్టేది వాచ్‌డాగే. అర్ధరాత్రి మీ సర్వర్ ఆగిపోతే, మా అంకెలు అందంగా రావడానికి అది ఆపామని మీకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? టెస్ట్ మెషిన్‌లో కొలిచేంతసేపు ఆపుతాం, లైవ్‌లో ముట్టుకోం. ఎవరు చెప్పినా సరే.

మేం చూసే సర్వర్లన్నిటి నుంచీ ఆ ఏజెంటు తీసేశాం. ఇకపై ఈవెంట్లను చిన్న గ్రూపులుగా విడగొట్టి విడివిడి రన్లలో కొలుస్తాం, ప్రతి అంకె పక్కన ఆ కౌంటర్ ఎంత శాతం టైము నిజంగా నడిచిందో వేస్తాం, వందకి తగ్గితే "అంచనా" అని రాస్తాం. ఒకరోజు ఎక్కువ పడుతుంది, రేటు అదే. పాత రిపోర్టు మీద అనుమానముంటే చెప్పండి, ఉచితంగా మళ్లీ కొలుస్తాం.

ఆ ఏజెంటు మాకు ఉండాల్సిందే అనేవాళ్లు ఉంచుకోండి, మీ ఇష్టం. అది నడుస్తుండగా తీసిన అంకెల కింద మాత్రం నా సంతకం ఉండదు.