బ్యాటరీ కొనే ముందు ఇది చదువు

సలాలా

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

నేనిక్కడ ఒమాన్‌లో క్షేమం. అమ్మ మోకాళ్ళ మందులకు పంపిన డబ్బు అందిందని మరదలు చెప్పింది, మంచిది. ఇక నీ జీపు సంగతి. ఫోనులో చెబితే "సరే అన్నయ్యా, అలాగే అన్నయ్యా" అంటావు, పెట్టేశాక ఆ బ్యాటరీ కొట్టాయన చెప్పిందే చేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీన్ని బానెట్ మీద పరుచుకుని ఒక్కో పనీ చేసుకుంటూ చదువు.

నువ్వు చెప్పిన లక్షణాలు ఇవి. డిమ్ వేస్తే ఎడమ హెడ్‌లైటు ఎర్రగా మినుకుమంటోంది, కుడిది మామూలుగానే వెలుగుతోంది. బ్రైట్ వేసినప్పుడు మాత్రమే కనిపించాల్సిన నీలి దీపం డిమ్‌లో కూడా మీటరు బోర్డులో మసకగా కనిపిస్తోంది. ఎడమ ఇండికేటర్ వేస్తే ఆ ఎర్ర లైటు కూడా దానితోపాటు ఊగిసలాడుతోంది. ఇన్ని విన్నాక కూడా బ్యాటరీ మార్చమన్నాడంటే ఆయనకు అమ్మకం కావాలి, నీ లైటు కాదు. బ్యాటరీ నీరసపడితే రెండు లైట్లూ తగ్గుతాయి, దానికి ఎడమ కుడి అన్న పక్షపాతం ఉండదు. పైగా ఇంజిను నడుస్తున్నంతసేపూ లైట్లకు కరెంటు ఇచ్చేది డైనమో.

నాన్నగారు బల్బూ అద్దమూ ఒకే ముక్కగా ఉండే పాత సీల్డ్ బీములు తీయించి హెచ్4 బల్బులు వేయించారు కదా, ఆ బల్బుకు మూడు కాళ్ళుంటాయి. లోపల రెండు ఫిలమెంట్లు, డిమ్‌ది 55 వాట్లు, బ్రైట్‌ది 60. రెండింటికీ ఒక కొస ఉమ్మడి, అదే ఎర్త్, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్ళే దారి. మన జీపులో స్విచ్చి వేస్తే ప్లస్ వస్తుంది, ఉమ్మడి కాలు ఎప్పుడూ బాడీకి కలిసే ఉంటుంది. ఆ ఎర్త్ ఊడిందనుకో, డిమ్ ఫిలమెంటులోంచి వచ్చిన కరెంటుకు వెళ్ళే దారి లేదు. పక్కనున్న బ్రైట్ ఫిలమెంటులోకి ఎదురెక్కి, బ్రైట్ వైరు పట్టుకుని కుడి లైటుకు పోయి, అక్కడి బ్రైట్ ఫిలమెంటు మీదుగా బాడీకి చేరుతుంది. మూడు ఫిలమెంట్లు ఒకదాని వెనక ఒకటి. 12 వోల్టులు ముగ్గురూ పంచుకుంటే తలా నాలుగు దక్కుతాయి. ఎడమది ఎర్రబడేది అందుకే. నీలి దీపం కూడా ఆ బ్రైట్ వైరుకే కట్టి ఉంటుంది, దాని వాటా అది తీసుకుంటోంది. ఇండికేటర్ ఎర్త్ కూడా అదే బోల్టు కిందికి వస్తే అది వెలిగి ఆరినప్పుడల్లా ఈ లెక్క మారుతుంది.

కాబట్టి పానా పట్టే ముందు ఒక పరీక్ష చెయ్యి. బ్యాటరీ మైనస్ నుంచి ఒక విడి వైరు లాగి, ఎడమ హోల్డరు వెనక ఉన్న నల్ల వైరు కొసకు ఆనించు. లైటు ఒక్కసారిగా తెల్లగా వెలిగిందా, ఇక వేరే వాళ్ళను అడగనక్కరలేదు, తప్పు ఆ ఎర్త్‌దే. నల్ల వైరు వెంట చెయ్యి పెట్టి వెళ్ళు, మడ్‌గార్డు లోపలి రేకుకు ఒక చిన్న బోల్టు కింద ఆగుతుంది. ఆ బోల్టు విప్పితే లగ్గు, అదే వైరు కొసకు నొక్కిన రేకు కన్ను, దాని కింద గోధుమరంగు పొడి రాలుతుంది, వైరు తీగల మధ్య పచ్చటి చిలుము కనిపిస్తుంది. లగ్గు కోసేసి, తొడుగును వెనక్కి వలుచు. రాగి ఎర్రగా కనబడేదాకా వెనక్కి పో, నల్లబడిన రాగికి కొత్త లగ్గు నొక్కితే ఆరు నెలల్లో మళ్ళీ ఇదే కథ. రేకు మీద రంగును ఉప్పు కాగితంతో గీకి ఇనుము మెరిసేలా చెయ్యి. బోల్టు బిగించాక పైన కాస్త గ్రీజు పూయి. పెయింటు మీదే కొత్త బోల్టు బిగించి చేతులు దులుపుకునే వాళ్ళను రోజూ చూస్తూ ఉంటాను. రంగు పొర మీదుగా కరెంటు ఎలా పోతుందని వాళ్ళు అనుకుంటారో నాకు అంతు పట్టదు.

ఇక్కడ ఖరీఫ్ సాగుతోంది, మన పంట కాదు, ఇక్కడి వానాకాలానికి ఆ పేరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సలాలా మీద సన్నటి తుంపర ఆగదు, కొండల మీద పొగమంచు. మిగతా అరబ్బు దేశం చాలావరకు మాడిపోతుంటే ఇక్కడ పచ్చగడ్డి మొలుస్తుంది. రోడ్డు పక్కన కొబ్బరి బోండాలు, అరటి గెలలు వేలాడదీసిన కొట్లు చూస్తే రావులపాలెం గుర్తొస్తుంది. గెలలు మాత్రం చిన్నవిలే. ఈ రోజుల్లో మా సనాయాకు, అదే వర్క్‌షాపులన్నీ ఉండే పేటకు, వచ్చే బళ్ళలో సగానికి లైట్ల జబ్బే. తుంరైత్ వైపు కొండ ఎక్కుతుంటే ఎదర బండి వెనక దీపం కూడా కనపడదు, ఆ మంచులో ఒంటెలు రోడ్డు మీదే నిలబడి ఉంటాయి. బ్రైట్ వేస్తే వెలుగంతా మంచు మీద పడి కళ్ళలోకే తిరిగి వస్తుంది, డిమ్ ఒక్కటే దిక్కు. అది పోయిందంటే బండి కదలదు.

మొన్న ఒంటెలు మేపే ఒక పెద్దాయన పాత ల్యాండ్ క్రూయిజర్ పికప్ తెచ్చాడు. అచ్చం నీ జీపు లక్షణాలే, ఒక లైటు ఎర్రగా, డిమ్‌లో నీలి దీపం మసకగా. అంతకు ముందు ఒక కుర్రాడు టెస్ట్ ల్యాంపు క్లిప్పు బాడీకి తగిలించి చూసి, మంచి లైటులో రెండు కాళ్ళకు ప్లస్ వస్తోందని, వైర్లు కలిసిపోయాయని తేల్చి, సగం వైర్ల కట్టకు చుట్టిన టేపు విప్పేశాడు. వైర్లు ఏమీ కలవలేదు. ఈ టయోటాల్లో ఏర్పాటు తలకిందులు. ఉమ్మడి కాలుకు ప్లస్ వస్తుంది, డిమ్ బ్రైట్ స్విచ్చి ఎర్త్‌ను కలుపుతుంది. డిమ్ వేసి ఉన్నప్పుడు బ్రైట్ కాలు మీద టెస్ట్ ల్యాంపు పెడితే ఫిలమెంటు గుండా వచ్చిన ప్లస్‌తో అది వెలగకుండా ఎలా ఉంటుంది? ఎడమ కుడి లైట్లకు ఫ్యూజులు విడివిడిగా ఉంటాయి కాబట్టి, ఒక ఫ్యూజు పోతే ఆ లైటు పక్క లైటు ఫిలమెంటు మీదుగా అరకొర కరెంటు తెచ్చుకుంటుంది. నీ బండిలో ఎర్త్ ఊడితే జరిగేదే ఇందులో ఫ్యూజు పోతే జరుగుతుంది. అసలు ఖర్చు ఒక ఫ్యూజు, అది ఎందుకు పోయిందో వెతకడం. హోల్డరు దగ్గర వైరు రేకుకు ఒరుసుకుని తొడుగు అరిగిపోయింది, అంతే. టేపు మళ్ళీ చుట్టడానికి మాత్రం పూట పట్టింది. ముసలాయన ఖర్జూరాలు పెట్టి వెళ్ళాడు.

నీ దగ్గరికి వస్తాను. ఎర్త్ సరిచేశాక రెండు లైట్లూ సమానంగా వెలుగుతాయి, కానీ కొత్త బళ్ళ పక్కన నీవి పసుపుపచ్చగానే కనిపిస్తాయి. దానికి 100 వాట్ల బల్బులు వేయించుకోమని నీకెవరో చెప్పారన్నావు. వద్దు. ఇప్పుడు బ్రైట్‌లో రెండు లైట్లకూ కలిపి 10 ఆంపియర్లు, ఆ బల్బులతో దాదాపు 17 అవుతుంది. వైరులో పుట్టే వేడి సుమారు మూడింతలు. హోల్డరు కరుగుతుంది, ఎదురొచ్చేవాడికి కళ్ళు పోతాయి, కాలువ గట్టు మీద వాడు పక్కకు తప్పుకునే చోటు కూడా ఉండదు.

వెలుగు ఎక్కడ పోతోందో ముందు కొలువు. వోల్టేజి పది శాతం తగ్గితే ఈ బల్బుల వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టు. ఇంజిను నడుస్తూ ఉండాలి, లైటు వెలుగుతూ ఉండాలి. చాలామంది బల్బు పీకేసి, ఖాళీ హోల్డరులో 12 వోల్టులు చూసి వైరింగ్ బాగుందంటారు. కరెంటు పారనప్పుడు ఒక్క తీగ మిగిలిన వైరు కూడా 12 చూపిస్తుంది, ఆ పరీక్ష చేసినా చేయకపోయినా ఒకటే. మీటరు ఎర్ర కొస బ్యాటరీ ప్లస్ మీద, నల్ల కొస వెలుగుతున్న బల్బు డిమ్ కాలు మీద. కనిపించే అంకె దారిలో తప్పిపోయిన వోల్టేజి. అర వోల్టు లోపు అయితే పరవాలేదు. ఒకటిన్నర, రెండు ఉందంటే దొంగ దొరికినట్టే. తరువాత బ్యాటరీ మైనస్‌కూ బల్బు ఎర్త్ కాలుకూ మధ్య కూడా అలాగే చూడు.

నా అనుమానం డిమ్ బ్రైట్ మార్చే ఆ కాలి డిప్పరు మీద. పొలం నుంచి తడి కాళ్ళతో ఎక్కి తొక్కే స్విచ్చి అది, కింద చక్రం చిమ్మే బురద నేరుగా దాని మీదే పడుతుంది. దాని లోపలికి వెళ్ళే కాలుకూ బయటకు వచ్చే కాలుకూ మధ్య కొలిస్తే తెలిసిపోతుంది. స్విచ్చి మార్చు, కానీ దానితో ఆగకు. లైట్ల కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డుకు, అక్కడి నుంచి నీ కాలి కిందికి, మళ్ళీ ముందుకు ప్రయాణం చేస్తోంది. ఆ తిప్పట ఎందుకు? రెండు రిలేలు పెట్టు, డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి. రిలే అంటే లోపలి తీగచుట్టకు కొద్ది కరెంటు ఇస్తే పెద్ద కరెంటును కలిపే స్విచ్చి, దాని కాళ్ళకు నంబర్లుంటాయి. 30 నంబరు కాలుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా తిన్నగా వైరు, ఫ్యూజు బ్యాటరీకి దగ్గరలోనే ఉండాలి. 87 నుంచి లైట్లకు. 86కు ఇప్పుడున్న స్విచ్చి వైరు, 85 బాడీకి. లైట్ల వైర్లు 2.5 చదరపు మిల్లీమీటర్లవి వాడు. అప్పుడు పాత స్విచ్చిల మీద పడే భారం రిలే చుట్టది మాత్రమే, అది ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు. హోల్డర్లు పింగాణీవి అడుగు. బల్బు గాజును వేళ్ళతో ముట్టుకోకు, చేతి జిడ్డు అంటితే వేడికి గాజు దెబ్బ తింటుంది.

పాత వైర్లు తీసి పారేయకు, కొసలకు టేపు చుట్టి అలాగే ఉంచు. తెల్లవారుజామున మార్కెట్టు దారిలో రిలే మొండికేస్తే పాత పద్ధతిలో కలుపుకుని ఇల్లు చేరవచ్చు.

రిలేలకు, వైరుకు, డిప్పరుకు డబ్బు వచ్చే వారం పంపుతాను. ఈలోగా ఎర్త్ సరిచేసి, మూడు అంకెలు నాకు పంపు: ప్లస్ వైపు పోతున్నదెంత, మైనస్ వైపు పోతున్నదెంత, ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ మీద ఎంత. ఆ చివరిది 13.8కీ 14.4కీ మధ్య లేకపోతే డైనమో మాట అప్పుడు మాట్లాడుకుందాం. అంతవరకూ బ్యాటరీ కొట్టు వైపు వెళ్ళకు. నాన్నగారు జీపు అమ్మేద్దామంటే నా ఉత్తరం చూపించు.

ఇట్లు,
నీ అన్నయ్య