గెల వెయ్యకపోయినా

బావా,

ప్రభువు నామంలో వందనాలు.

మొన్న ఆదివారం ఫోన్లో "ప్రార్థనకని మోకాళ్ల మీదికి వెళ్తున్నాను గానీ నోట మాట రావట్లేదు బావా" అన్నావు. అప్పటినుంచీ ఆ మాటే నన్ను పట్టుకుంది. కువైట్ వెళ్లి ఏడాది తిరక్కుండా ఐదు నెలల జీతం ఆగిపోతే, ఎవరికి మాత్రం నోరు పెగులుతుంది? ఆ పూట ఏదో సర్దిచెప్పి పెట్టేశాను. అది నాకే నచ్చలేదు. అందుకే ఇలా రాస్తున్నాను. అమ్మ అరుగు మీద ఈనెలు తీస్తూ "నా వందనాలు కూడా రాయరా" అంటోంది.

2022 జూలై వరదప్పుడు నువ్వు ఇక్కడ లేవు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ నీళ్లన్నీ మన లంకల మీదుగానే కదా సముద్రంలోకి పోవాలి! అందరం ఏటిగట్టు ఎక్కేశాం. నేను ఆ ఏడు ఎకరంన్నర కౌలుకి తీసుకుని కర్పూర అరటి వేశాను. శ్రావణమాసానికి గెలలు రావులపాలెం తోలితే చెల్లి పెళ్లి బాకీ తీరిపోతుందని లెక్క. గట్టు మీద నిలబడి చూస్తే తోటలో ఆకుల చివళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

ఆ ఆదివారం పాస్టరు గారు గట్టు మీదే టార్పాలిన్ కింద ఆరాధన పెట్టారు. నేను వెళ్లలేదు. టార్పాలిన్ వెనకాల, వాళ్లకి వీపు పెట్టి కూర్చున్నాను. నిజం చెప్తున్నాను, దేవుడి మీద కోపంగా ఉంది.

మన సండేస్కూల్ మామ్మ గుర్తుందిగా? 1996 నవంబరు తుపానులో భర్తనీ, కొబ్బరి తోటనీ ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న మనిషి. ఆవిడ పాలిథిన్ కవర్లో చుట్టి నడుముకి కట్టుకుని తెచ్చుకున్న బైబిల్ విప్పి హబక్కూకు మూడో అధ్యాయం చదివింది. అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు కాయకపోయినా, ఒలీవ చెట్లకి కాపు లేకపోయినా... అక్కడ ఆగింది. "ఇవేవీ మన లంకలో లేవు కదయ్యా" అని కళ్లు మూసుకుని తన మాటల్లో ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, అరటి గెల వెయ్యకపోయినా, కొబ్బరికి పిందె నిలవకపోయినా, చేలో నారు కుళ్లిపోయినా, పాకలో గేదె లేకపోయినా..."

గేదె దగ్గర ఆవిడ గొంతు పూడుకుపోయింది బావా. ఆవిడ గేదె ముందురోజే కొట్టుకుపోయింది. కాసేపు ఏమీ వినబడలేదు, టార్పాలిన్ మీద వాన చప్పుడు తప్ప. తర్వాత చెంగుతో ముక్కు తుడుచుకుని "నేను నీయందు ఆనందిస్తాను తండ్రీ" అని ముగించింది. ఏడుస్తూనే ముగించింది. అంతవరకూ ఆనందం అంటే ఏడుపు ఆగాక వచ్చేది అనుకునేవాణ్ణి.

నీళ్లు తీశాక తోటలోకి వెళ్లాను. చెట్లు నిలబడే ఉన్నాయి. ఒకదాన్ని ఊరికే అరచేత్తో తోశాను. మెత్తగా పక్కకి ఒరిగిపోయింది. దుంప మొత్తం కుళ్లిపోయి ఉంది. ఆ కంపులో, మడమల్లోతు బురదలో నిలబడి ఉంటే మామ్మ ప్రార్థనే నోట్లోకి వచ్చింది. "గెల వెయ్యకపోయినా" వరకే అనగలిగాను. మిగతా సగం అనడానికి నాకు చాలా రోజులు పట్టింది.

విశ్వాసముంటే నష్టం రాదని చెప్పే ప్రసంగాలు నాకిప్పుడు అస్సలు సహించవు. హబక్కూకు పైరు పండుతుందని రాయలేదు కదా! పౌలు చూడు, ఎల్లప్పుడును ఆనందించుడి అని ఫిలిప్పీయులకు రాసింది సంకెళ్లలో ఉండి. అదే అధ్యాయంలో, ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానంటాడు. నేర్చుకున్నాడంటే అంతకుముందు రాదనే కదా బావా. కొబ్బరి దింపు తీసేవాడు కూడా మొదటిరోజే చెట్టు చివరికంటా ఎక్కలేడు. అపొస్తలుడికే నేర్చుకోవలసి వచ్చినప్పుడు, నీకు ఐదు నెలలకే రాలేదని ఎందుకంత సిగ్గుపడతావు?

నా బాకీ ఇంకా కొంత ఉంది. అది తీరాక సంతోషిద్దామని కూర్చుంటే ఈపాటికి మనిషిని కాకుండా పోయేవాణ్ణి. ఆ ఏడు మామ్మ ఇంట్లో బురద ఎత్తడానికి పదిమందిమి వెళ్లాం. పారలతో తోడుతూ పాత కీర్తనలు పాడుకున్నాం. ఆ రోజు ఒంట్లోకి వచ్చిన సత్తువ ఎక్కడిదో నాకు తెలుసు. "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు" అని నెహెమ్యాలో ఉంది చూడు, చిన్నప్పుడు కంఠతా పట్టి బహుమతిగా పెన్సిల్ తెచ్చుకున్న వాక్యం. దాని అర్థం నాకు పార పట్టుకున్నాకే తెలిసింది.

జీతం సంగతి మాత్రం వదలకు. ఎంబసీకి అర్జీ పెట్టు, గదిలో మిగతా వాళ్లనీ కలుపుకో. చెల్లెమ్మకి ఇక్కడ బియ్యానికి, పిల్లల ఫీజులకి లోటు రాదు, అది నేను చూసుకుంటాను.

బుధవారం రాత్రి మామ్మ ఇంట్లో కూడిక ఉంది. మీ టైం ఐదున్నరకి ఫోన్ చేస్తాను, ఇక్కడ ఎనిమిదవుతుంది. నువ్వేమీ ప్రార్థన చెయ్యక్కర్లేదు. ఫోన్ పక్కన పెట్టుకుని పడుకో, మేం పాడతాం.

నీ
బావ