కోల్‌కతా సరుకు వెనక్కి పంపేశాను

మా షాపుకు ఏళ్ళుగా వస్తున్నవాళ్ళకి, ముఖ్యంగా ఆదివారం పొద్దున కూర్చునే మన బ్యాచ్‌కి.

దసరాకి పెడతానన్న చైనా పింగాణీ అమ్మకం రద్దు చేశాను. అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకి ఈ శనివారంలోపు డబ్బు తిరిగి వస్తుంది, ఎవరు ఎలా కట్టారో అలాగే. "ఉండనివ్వండి, తర్వాత చూద్దాం" అని కొందరు మెసేజ్ పెట్టారు. మీ మంచితనానికి థాంక్స్, కానీ ఉంచుకోను. ఇక్కడ లేని వస్తువుకి మీ డబ్బు నా దగ్గర ఉంటే నాకే టెన్షన్.

ఫోన్లో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పాను. ఈలోగా బయట వేరే కథ తిరుగుతోందని తెలిసింది. అందుకే జరిగిందంతా రాస్తున్నాను.

సరుకు పంపింది కోల్‌కతా వ్యాపారి. పేరు రాయను. మా నాన్నగారి కాలం నుంచి తెలిసిన మనిషి, నన్ను ఇప్పటికీ బేటా అనే పిలుస్తాడు. ఈసారి నీలం తెలుపు పింగాణీ 32 ముక్కలు ఉన్నాయన్నాడు. పళ్ళేలు, గిన్నెలు, మూత జాడీలు. ఒక జమీందారు ఇంట్లోవి, అన్నీ కాంగ్‌షీ చక్రవర్తి కాలంవి, అంటే 1662 నుంచి 1722 మధ్యవి అన్నాడు. ఫోటోలు బాగున్నాయి. అవే మీకూ చూపించాను, చేతికొచ్చాక చూసి ఖాయం చేస్తానని అప్పుడే చెప్పాను.

వచ్చాయి. ఆదివారాలు నేను మీకు విసుగొచ్చేదాకా చెప్పే మాటే నేనూ పాటించాను: బొమ్మ చూడకు, ముందు తిరగెయ్యి. పాత పళ్ళెం అడుగున గ్లేజ్, అంటే గాజులాంటి మెరుపు పూత, లేని చుట్టు ఉంటుంది. ఏళ్ళ తరబడి అరల్లో, బల్లల మీద జరిగి జరిగి అది వేలికి నున్నగా తగులుతుంది. మురికి అక్కడక్కడా మాత్రమే ఇంకి ఉంటుంది. వీటికి చుట్టంతా ఒకే గోధుమరంగు. తడి దూదితో రుద్దితే దూదికి అంటుకుంది. లోపలి గీతలన్నీ ఒకే దిక్కుకి ఉన్నాయి, అంటే గరుకు కాగితం పని. నిజంగా వాడిన పళ్ళెం మీద గీతలు నానా దిక్కులకీ పోతాయి. పది రెట్ల లూప్, అంటే చిన్న భూతద్దం, పెడితే మూడు గిన్నెల మీద నీలం రంగు సన్నని చుక్కలుగా విడిపోయింది. కుంచెతో వేస్తే అలా రాదు, అచ్చుకాగితం అంటించి కాల్చితేనే వస్తుంది. ఒక జాడీ యూవీ లైట్ కింద మెడ చుట్టూ వేరే రంగులో వెలిగింది. రెసిన్‌తో అతికించారన్నమాట. కొత్త జాడీని కావాలనే విరగ్గొట్టి, అతికించి, "పాతది కదా, ఆమాత్రం రిపేరు ఉంటుంది" అని అమ్మడం ఈ వ్యాపారంలో ఉన్న విద్యే.

పైగా ఇలాంటివాటన్నిటికీ అడుగున కాంగ్‌షీ పేరుతో ఆరక్షరాల ముద్ర, ముత్యాల్లాంటి రాత. అసలు అనుమానించాల్సింది అక్కడే. 1677లో చైనా పింగాణీకి పేరుపడ్డ ఊరు జింగ్‌దెజెన్ అధికారి ఒకాయన పింగాణీ మీద చక్రవర్తి పేరు రాయొద్దని ఉత్తర్వు ఇచ్చాడు. పగిలితే పేరు చెత్తలో పడుతుందని కారణం చెబుతారు. అందుకే ఆ తర్వాతి ఏళ్ళలో చేసిన మంచి వస్తువుల్లో చాలావాటికి అడుగున రెండు నీలం వలయాలు మాత్రమే ఉంటాయి, మధ్యలో ఖాళీ. కొన్నిటికి ఒక ఆకు బొమ్మ. కొన్నిటికి అంతకు రెండొందల ఏళ్ళ ముందటి చెంగ్‌హువా చక్రవర్తి పేరు. కాంగ్‌షీ పేరేమో గ్వాంగ్‌షు కాలంలో, అంటే 1875–1908 మధ్య, చేసిన వాటి మీద బోలెడు కనిపిస్తుంది. ముద్ర చదవడం రాగానే పింగాణీ వచ్చేసిందనుకునేవాళ్ళే ఎక్కువ మోసపోతారు.

ఇంకో మాట. అమెరికాలో ఉన్న మన కస్టమర్ ఒకావిడ కోసం అడిగితే, "నేరుగా డల్లాస్‌కి పార్సిల్ చేసేస్తా" అన్నాడు ఆ వ్యాపారి. వందేళ్ళు దాటిన పురావస్తువుని 1972 చట్టం ప్రకారం మామూలు వ్యాపారి దేశం దాటించకూడదు. మూడొందల ఏళ్ళ వస్తువని ఒక నోటితో, పార్సిల్ చేస్తానని అదే నోటితో!

ఇంతవరకే అయితే ఈ ఉత్తరం రెండు లైన్లలో తేలేది. 31 ముక్కలు ఇలా ఉంటే, పెట్టె అడుగున పాత న్యూస్‌పేపర్లో చుట్టిన 32వది మాత్రం అసలుది.

జానెడున్నర పళ్ళెం. తామర తీగలు. నీలం ఒక్కటే అయినా నాలుగైదు ఛాయల్లో, నీళ్ళు కలిపి పలచన చేసుకుంటూ వేసినది. గ్లేజ్ ఆగిపోయిన చోట సన్నని నారింజ గీత. అంచున అక్కడక్కడా గ్లేజ్ చిన్నగా పెచ్చులూడి ఉంది. ఒక వెంట్రుకవాసి బీట, ఎవరూ దాచలేదు. అడుగున రెండు వలయాలు, మధ్యలో ఖాళీ. ముద్ర లేదు కదా అని ఆయన దాన్ని ఊరికే కలిపి పంపాడు!

మీలో ఒకరు, మన లెక్కల మాస్టారు, ఇలాంటి పళ్ళెం కోసమే ఏళ్ళుగా ఎదురుచూస్తున్నారు. ఆ ఒక్కటీ ఉంచుకుని మిగతావి పంపేస్తానని కోల్‌కతా వ్యాపారికి ఫోన్ చేశాను. ఆయన తెలివైనవాడు. ఒక్కటే ఎందుకు అడుగుతున్నానో వెంటనే అర్థమైంది. తీసుకుంటే మొత్తం తీసుకో, లేదా మొత్తం పంపు అన్నాడు. ధర తగ్గించాడు కూడా. ఆ తగ్గించిన ధరకి ఆ పళ్ళెం ఒక్కటే మొత్తం డబ్బు రాబట్టేస్తుంది. అది నాకూ తెలుసు.

మా ఆవిడ చెప్పింది న్యాయంగానే ఉంది. మొత్తం కొను, పళ్ళెం మాస్టారికి ఇవ్వు, మిగతావి కొత్తవని స్టిక్కర్ వేసి షోపీసులుగా అమ్ము, ఇందులో మోసం ఎక్కడుంది అంది. లేదు, ఒప్పుకుంటాను. కొత్త వస్తువుని కొత్తదని చెప్పి అమ్మడం తప్పు కాదు, జింగ్‌దెజెన్‌లో ఇప్పటికీ చేయి తిరిగినవాళ్ళున్నారు. కానీ స్టిక్కర్ ఒకసారి కడిగితే పోతుంది, అడుగున రాసిన చక్రవర్తి పేరు పోదు. మీరు కొంటారు, మీ మేనల్లుడికి పెళ్ళికిస్తారు, వాడు ఇల్లు మారుతూ అమ్ముతాడు. అప్పటికి అది మా షాపులో కొన్న కాంగ్‌షీ జాడీ అయిపోతుంది. యాసిడ్ పెట్టి మెరుపు చంపిన వస్తువు అలంకారం కోసం పుట్టలేదు, ఎవరినో ఒకరిని ముంచడానికే పుట్టింది. ఆ ఎవరో ఒకరు నా బిల్లు పట్టుకుని రావడం నాకిష్టం లేదు.

తేల్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. రాత్రి షట్టర్ దించాక పళ్ళెం తీసి చూడటం, మళ్ళీ చుట్టి పెట్టడం. మాస్టారికి చూపించకుండా పంపితే అన్యాయం, చూపించి పంపితే ఇంకా అన్యాయం అనిపించింది. చివరికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి ఏమీ అనకుండా వెళ్ళారు. తర్వాత ఆదివారం రాలేదు. కోపం ఉంటే ఉండనివ్వండి మాస్టారూ, కానీ రండి.

32 ముక్కలూ వెళ్ళిపోయాయి. "మీ నాన్నకి సరుకు తెలుసు, నీకు తెలీదు" అన్నాడు కోల్‌కతా వ్యాపారి ఫోన్లో. ఇప్పుడేమో డబ్బు కట్టలేక వెనక్కి పంపానని నగరంలో చెప్పిస్తున్నాడు. నేను కట్టిన అడ్వాన్స్‌లో సగం ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఎవరు కట్టలేకపోతున్నారో మీరే చూసుకోండి. మీ రీఫండ్‌కి దీనితో సంబంధం లేదు.

ఇకపై ఫోటోలు చూపించి బుకింగ్ తీసుకోను. నగరంలోని పాత ఇళ్ళకి వెళ్ళి, స్వయంగా చేతిలో పట్టుకుని చూసిన పింగాణీయే షాపులో ఉంటుంది. బిల్లు మీద కాలం, అది ఎందుకనుకుంటున్నానో, ఎక్కడ బీట, ఎక్కడ అతుకు, అన్నీ రాస్తాను. నేను రాసింది తప్పని ఎవరైనా తేలిస్తే అదే ధరకి వెనక్కి తీసుకుంటాను. సరుకు తగ్గుతుంది. వచ్చేవాటిలో ఎక్కువ గ్వాంగ్‌షు కాలం గిన్నెలు, అడుగున ఇంగ్లీషులో చైనా అని రాసిన కప్పులు సాసర్లు ఉంటాయి. దిగుమతి వస్తువు మీద దేశం పేరు ఉండాలని 1891 నుంచి అమెరికా చట్టం పట్టుబట్టింది, ఆ రాత అలా వచ్చింది. వాటిని చిన్నచూపు చూడకండి. నేర్చుకునే చేతికి అవే సరైనవి, పగిలినా గుండె ఆగదు. కోడిబొమ్మ కప్పులు మాత్రం తేవద్దు. 2014లో హాంకాంగ్ వేలంలో చెంగ్‌హువా కాలం కోడిబొమ్మ కప్పు ఒకటి 28 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది, కొన్నాయన అందులో టీ కూడా తాగాడు. ఆ వార్త వాట్సాప్‌లో తిరిగినప్పుడల్లా నాకు నాలుగు కప్పులు వస్తాయి.

మంచివి చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అక్కడి చైనా గదుల్లో ఆకుపచ్చ సెలడాన్ పళ్ళేల ముందు కాసేపు నిలబడండి. విషం కలిస్తే పగులుతాయని నమ్మి పాతకాలం నవాబులు వాటిలో తినేవారట. అక్కడ ముట్టుకోనివ్వరు కాబట్టే మన షాపులో పెంకుల డబ్బా ఉంది. విరిగిన చోట మట్టి ఎంత తెల్లగా, ఎంత బిగువుగా ఉందో వేలితో తెలుసుకోవాలి.

ఆదివారం పదకొండింటికి మామూలుగానే కూర్చుందాం. ఆ కోల్‌కతా సరుకు ఇంకెక్కడైనా కొన్నవాళ్ళుంటే పట్టుకురండి, చూసి చెప్పడానికి డబ్బు తీసుకోను. నాకు సరుకు తెలీదని వాదించడానికి వచ్చేవాళ్ళు కూడా రావచ్చు. లూప్ మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, నాది ఇవ్వను.