నిన్న ఏం తిన్నావని అడుగుతాం, పిల్లల్ని ఉన్నది చెప్పనివ్వండి

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి మన బడిలో ఆరు నుంచి పదో తరగతి వరకు పిల్లలందరి ఎత్తు, బరువు కొలుస్తాం. ఆ తర్వాత ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏం తిన్నారు, ఏం తాగారు, ఎంతసేపు ఆడారు అని అడుగుతాం. ఈ సంగతి తరగతుల్లో చెప్పిన మర్నాడే కొన్ని ఇళ్ళలో తయారీ మొదలైందని తెలిసింది. "అడిగితే పాలు తాగానని చెప్పు, చిప్స్ మాట ఎత్తకు" అని నేర్పుతున్నారట. దయచేసి అలా నేర్పకండి. ఇందులో మార్కులు లేవు. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్ల "ఇడ్లీ తిన్నాను మేడమ్" అని చెబితే ఆ పిల్ల పదకొండు గంటలకే ఎందుకు తల వాల్చేస్తోందో మాకు ఎప్పటికీ తెలియదు.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కింద 1972లో ఏర్పడిన పోషకాహార పర్యవేక్షణ బ్యూరో వాళ్ళు ఊళ్ళు తిరిగి ఇళ్ళలో అడిగింది ఇలాగే. 24 గంటల్లో తిన్నదంతా గుర్తు చేయించి రాసుకుంటారు. కొలతలు తెలిసిన గిన్నెలు, గరిటెలు, గ్లాసులు ఎదురుగా పెట్టి "ఇందులో ఎన్ని?" అని అడుగుతారు. "అన్నం తిన్నాను" అంటే ఒకరికి రెండు గరిటెలు, ఇంకొకరికి ఆరు. గిన్నె చూపిస్తే గానీ తేలదు.

ఎనిమిదో తరగతిలో కొందరితో ముందుగా చేసి చూశాం. మొదట అందరూ మూడు పూటల భోజనమే చెప్పారు. "ఇంటర్వెల్లో? బడి నుంచి ఇంటికెళ్ళే దారిలో? టీవీ చూస్తూ?" అని అడిగితే అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి: ఐదు రూపాయల ప్యాకెట్లు, కూల్‌డ్రింకు, పక్కింటి వాళ్ళిచ్చిన పులిహోర, సాయంత్రం టీలో ముంచుకున్న బిస్కట్లు. ఒకబ్బాయైతే చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు.

ఒక్కరోజు లెక్కతో ఎవరి తిండీ తేలదు కాబట్టి మూడు రోజులవి రాసుకుంటాం. అందులో రెండు బడి రోజులు, ఒక ఆదివారం. మన వైపు చాలా ఇళ్ళలో చికెన్ ఆదివారమే వండుతారు. అదొక్కటే చూస్తే అందరూ మాంసకృత్తులు దండిగా తింటున్నట్టే కనిపిస్తుంది. పెళ్ళి, పండగ, ఉపవాసం ఉన్న రోజులు వదిలేస్తాం.

పిల్లలు చెప్పలేనిది నూనె లెక్క. అది మీరే రాయాలి. నెలకు ఎన్ని లీటర్లు వాడతారు, ఇంట్లో ఎంతమంది తింటారు అన్నది ఫారంలో అడిగాం. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు అయితే మనిషికి రోజుకు 25 మిల్లీలీటర్లు. తక్కువ చేసి రాయాలనిపిస్తుంది, తెలుసు. కిరాణా చీటీ చూసి రాయండి.

ఈ వివరాలన్నీ దేనితో పోల్చుతామంటే, అదే జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలతో. రోజుకు 2000 కిలోక్యాలరీల తిండికి వాళ్ళు చెప్పిన లెక్కలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు గుడ్లు మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉన్నాయి. ఇవి వండకముందు తూకాలు. పిల్లల వయసును బట్టి ఈ అంకెలు మారతాయి. కానీ అన్నం కొండంత, కూర నంజుకోవడానికంత ఉండే కంచం ఏ వయసుకీ సరిపోదు. బడిలో పెట్టే భోజనం కూడా లెక్కలోకి వస్తుంది. నిబంధనల ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు అందులో 700 కిలోక్యాలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ ఉండాలి. అది పిల్లవాడి కడుపులోకి వెళ్ళిందా, చెత్తబుట్టలోకి వెళ్ళిందా అన్నది కూడా ఈసారి రాసుకుంటాం. గుడ్డు ఇష్టంలేక పక్కవాడికి ఇచ్చేవాళ్ళున్నారు. పక్కవాడికి రెండు పడుతున్నాయి, వాడికి మంచిదే అనుకోండి.

ఇక కొలతలు. చెప్పులు, బూట్లు విప్పి, జేబుల్లో ఏమీ లేకుండా నిలబెడతాం. నడినెత్తిన ముడి వేసుకుంటే ఎత్తు తప్పొస్తుంది కాబట్టి ఆ రోజు ఆడపిల్లలకు మామూలు జడలు వేసి పంపండి. అన్నిటికన్నా పెద్ద చిక్కు పుట్టిన తేదీతో. బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపోవడానికి రాయించిన తేదీ, అసలు తేదీ వేరైన పిల్లలు ఉన్నారు. ఎదిగే వయసులో ఏడాది తేడా వస్తే ఫలితమే మారిపోతుంది. ఫారంలో అసలు తేదీ రాయండి. అది ఈ లెక్కకు మాత్రమే వాడతాం, రికార్డులు ముట్టుకోం.

కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. ఫోన్లో ఎవరైనా వేసుకోవచ్చు, కానీ ఫోన్ చెప్పే "18.5 కంటే తక్కువైతే బలహీనం" అన్న మాట పెద్దవాళ్ళకి. పదమూడేళ్ళ అమ్మాయి 150 సెంటీమీటర్ల ఎత్తు, 40 కిలోల బరువు ఉంటే బీఎంఐ 17.8. ఆ వయసుకు అది మామూలే. పిల్లలకి వయసును బట్టి, ఆడ మగ తేడాను బట్టి వేరే పట్టికలుంటాయి. మేం 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పట్టికలు వాడుతున్నాం.

బరువు సరిగ్గా ఉందంటే అంతా బాగున్నట్టు కాదు. 2016-18లో దేశమంతటా చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో 24 శాతం మంది వయసుకు తగ్గ బీఎంఐ లేకుండా సన్నగా ఉన్నారు, సుమారు 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు, 28 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత తక్కెడ మీద కనబడదు. దానికి రక్తపరీక్షే చేయాలి. 12 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకి 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర దీనికోసమే. "మా వాడికి వద్దండి, కడుపులో తిప్పుతుందట" అని చీటీ రాసి పంపేవాళ్ళకి ఒక మాట. అందుకే భోజనం తర్వాత వేస్తున్నాం. మలం నల్లగా వస్తే భయపడనక్కర్లేదు. మాత్ర వేసుకున్న రోజు భోజనం కాగానే టీ మాత్రం ఇవ్వకండి, ఐరన్ ఒంటికి పట్టదు.

ఆటల సంగతి. ఐదు నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదలాలని, అదీ ఊపిరి వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. సైకిలు మీద బడికి వచ్చేవాడి లెక్క వేరు, గేటు దగ్గర ఆటో దిగేవాడి లెక్క వేరు. నీళ్ళు మోయడం, సెలవుల్లో పొలం పని కూడా రాయమన్నాం. ఎనిమిదో తరగతి దాటాక ఆడపిల్లలు గ్రౌండులో కనిపించడం లేదు. వాళ్ళకి ఇష్టం లేక కాదు, ఇంటికి త్వరగా రమ్మని మీరు చెప్పడం వల్ల. మరో మాట కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను. పదో తరగతి ఆటల పీరియడ్ లెక్కలకి ఇవ్వమని కొందరు తల్లిదండ్రులు అడిగారు. ఇవ్వను. లెక్కల మాస్టారికి ఇది నచ్చకపోయినా ఒప్పుకున్నారు.

ఫలితాలు తరగతిలో చదవం, గోడకి అంటించం. అంటించిన కవరులో మీకే అందుతాయి. అది చూసి పిల్లల్ని "పుల్ల", "బండ" అని పిలవడం గానీ, అన్నదమ్ముల పిల్లలతో పోల్చడం గానీ వద్దు. బరువు ఎక్కువగా ఉందని రాత్రి భోజనం మానిపించవద్దు. డాక్టరుకు చూపించాల్సిన అవసరం ఉంటే కవరులోనే రాస్తాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చీటీ కూడా ఇస్తాం.

దీంతో పాటు వచ్చిన ఫారం నింపి, సంతకం చేసి శుక్రవారం లోపు క్లాస్ టీచరుకు పంపండి. కొలతలు వద్దనుకునేవాళ్ళు ఆ మాటే రాసి పంపండి, కారణం అడగం. నూనె లెక్క దగ్గర అర్థం కాకపోతే సాయంత్రం నాలుగు తర్వాత బడికి రండి, ఆఫీసులోనే ఉంటాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు