యూరప్ ప్యానెళ్ల ఆలస్యం, ఆ డోర్ స్విచ్ సంగతి

మా దగ్గర కంట్రోల్ ప్యానెళ్లు చేయించుకునే పాత పార్టీలందరికీ నమస్కారం.

యూరప్‌కు వెళ్లే మెషీన్ల ప్యానెళ్లు ఈసారి ఒప్పుకున్న తేదీకి ఇవ్వలేకపోతున్నాం. కొందరికి ఫోన్‌లో చెప్పాను. మిగతావాళ్లకు ఎవరో చెబితే తెలియడం నాకిష్టం లేక ఇది రాస్తున్నాను. కారణం అరచేతిలో పట్టే డోర్ స్విచ్ ఒకటి. "ఇంత ముక్క కోసం ఆర్డర్ ఆపుతావా" అని మీలో ఒకరు కసిరారు. ఆపాను. ఎందుకో చెబుతాను.

పౌచ్ ప్యాకింగ్ మెషీన్‌లో సీలింగ్ జాలు (పౌచ్‌ను నొక్కి అతికించే దవడలు) కొట్టే చోట గార్డు తలుపు ఉంటుంది. తలుపు తీస్తే జాలు ఆగాలి. తలుపుకు నాలుకలాంటి ఇనుప పట్టీ, ఫ్రేముకు స్విచ్. తలుపు లాగగానే నాలుక బయటికొస్తుంది, లోపల క్యామ్ అనే ఎగుడుదిగుడు చక్రం తిరిగి, కరెంటు కలిపే కాంటాక్ట్‌ను విడదీస్తుంది. సరైన స్విచ్‌లో క్యామ్ నేరుగా కాంటాక్ట్‌నే నెడుతుంది, మధ్యలో స్ప్రింగ్ మీద ఆధారపడదు. కాంటాక్ట్ వెల్డయి అతుక్కుపోయినా తలుపు తీసే మనిషి చేతిబలమే దాన్ని ఊడబెరుకుతుంది. అలాంటి స్విచ్ ఒంటి మీద చిన్న గుర్తు ఉంటుంది: సున్నా, అందులో బాణం. ఇన్నేళ్లూ మేం వాడినవాటికి ఆ గుర్తు ఉంది.

మొన్నటి లాట్‌కు లేదు. అట్టపెట్టె అదే, రేటు అదే, మోడల్ నంబరు చివర ఒక్క అక్షరం మారింది. యూరప్ చట్టాలకు సరిపోయిందని చెప్పే సీఈ స్టిక్కర్ మాత్రం మునుపటికంటే పెద్దదైంది! ఇది పట్టుకున్నది పోయినేడు మా దగ్గర చేరిన డిప్లొమా అమ్మాయి. ఈఎన్ ఐఎస్ఓ 14119 అని గార్డు ఇంటర్‌లాక్‌ల (తలుపు తీస్తే మెషీన్‌ను ఆపే ఏర్పాట్ల) యూరప్ ప్రమాణం ఒకటుంది. అది చదువుతూ బాణం గుర్తు సంగతి తెలుసుకుని, స్టోర్‌లోకి వెళ్లి పెట్టెలు తిప్పి చూసింది. తెచ్చి నా బల్ల మీద పెడితే విప్పాం. క్యామ్‌కూ కాంటాక్ట్‌కూ నడుమ బాల్‌పెన్‌లో ఉండేంత సన్న స్ప్రింగ్. కాంటాక్ట్ అతుక్కుంటే ఆ స్ప్రింగ్ నలిగి ఊరుకుంటుంది, తలుపు తెరిచి ఉన్నా సర్క్యూట్ తెగదు. ఆ స్విచ్‌లు ఒక్కటీ ఏ ప్యానెల్‌తోనూ బయటికి పోలేదు. ఆ భయం ఎవరికీ అక్కర్లేదు.

సప్లయర్‌కు ఫోన్ చేశాను. ఆయన పేరు రాయను. మా షెడ్డు మొదలైన కొత్తలో చేతిలో పైసా లేనప్పుడు అప్పు మీద సరుకిచ్చిన పెద్దమనిషి. "అదే సరుకయ్యా, కంపెనీవాడు లోపల ఏదో మార్చాడు. సీఈ ఉంది కదా, ఇంకేం కావాలి నీకు?" అన్నారు. సర్టిఫికెట్ పంపమన్నాను. బంగారు రంగు అంచు, గుండ్రటి సీలు, పెళ్లిపత్రికలా వచ్చింది. చదివితే అందులో ఉన్నది పాత మోడల్ నంబరు. చెప్పింది లో వోల్టేజ్ డైరెక్టివ్ గురించి, అంటే కరెంటు సామాన్ల భద్రత మీద యూరప్ చట్టం. ఇచ్చిన సంస్థ పేరు, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థలతో యూరోపియన్ కమిషన్ నడిపే నాండో జాబితాలో ఎక్కడా లేదు. అసలు లో వోల్టేజ్ డైరెక్టివ్‌కు బయటి సంస్థ సర్టిఫికెట్ అవసరమే లేదు. తయారుచేసినవాడే పరీక్షించుకుని, ఫైలు పెట్టుకుని, సంతకం పెట్టి ప్రకటించాలి. అక్కర్లేని కాగితాన్ని డబ్బు పోసి కొన్నారు, కావాల్సిన బాణాన్ని వదిలేశారు.

ఆయన దగ్గర కొనడం మానాలా వద్దా అని చాలా నలిగిపోయాను. మా ఇంట్లోవాళ్లు కూడా "పెద్దాయన, ఈసారికి వదిలెయ్" అన్నారు. లాట్ వెనక్కి తీసుకుని పాత మోడల్ ఇవ్వమని అడిగాను, కుదరదన్నారు. కంపెనీ నుంచి డిక్లరేషన్, అదే సంతకం పెట్టిన ఆ ప్రకటన, తెప్పించమన్నాను. "పుస్తకం పట్టుకుని వ్యాపారం చేస్తావా నువ్వు" అని నవ్వారు. ఆ నవ్వు నాకు ఇంకా మింగుడు పడలేదు. బాకీ మొత్తం కట్టేసి ఖాతా మూసేశాను. ఆయన స్విచ్ ఇక మా షెడ్డులో యూరప్ మెషీన్‌కే కాదు, ఇక్కడ హైదరాబాద్ కాటేదాన్‌లో తిరిగే మెషీన్‌కూ బిగించం. ఇందులో పంతం కూడా ఉంది, కాదనను.

"మనకెందుకండీ యూరప్ గోల, సీఈ సర్టిఫికెట్ కొనిచ్చేస్తే పోలా" అంటున్న కుర్ర ఇంజినీర్లు మీ దగ్గరా ఉన్నారు. వాళ్లకు చెప్పండి. 1985 మే నెలలో అక్కడి మంత్రుల మండలి ఒక పద్ధతి మార్చింది. అంతకుముందు ప్రతి బోల్టు సంగతీ చట్టంలోనే రాయాలని కూర్చునేవారు, ఏళ్లు పట్టేది. అప్పటినుంచి చట్టం ఏం సాధించాలో చెబుతుంది. కంట్రోల్ సిస్టమ్‌లో లోపం వస్తే ఆ లోపం ప్రమాదానికి దారితీయకూడదు అంటుంది, అంతే. ఎలా సాధించాలో సెన్, సెనెలెక్, ఎట్సీ అనే మూడు యూరప్ సంస్థల ప్రమాణాలు చెబుతాయి. అవి పాటించి తీరాలని లేదు. కానీ యూరోపియన్ యూనియన్ అధికారిక గెజిట్‌కెక్కిన ప్రమాణం ప్రకారం చేస్తే, అది ఏ అంశాలను చూస్తుందో వాటి వరకు చట్టానికి సరిపోయినట్టే లెక్క. పాటించకపోతే నీ దారీ అంత భద్రమేనని నువ్వే నిరూపించుకోవాలి. సెన్‌లో 34 దేశాల ప్రమాణ సంస్థలు సభ్యులు. ఒక ఈఎన్ ప్రమాణం వచ్చిందంటే అన్నీ దాన్ని తమదిగా చేసుకుని, దానికి అడ్డొచ్చే సొంత ప్రమాణాన్ని తీసేయాలి. అంటే జర్మనీకి గీసిన డ్రాయింగ్‌ను పోలండ్ కోసం మళ్లీ గీయక్కర్లేదు.

సెన్‌లో మనకు ఓటు లేదు. అయినా ఇది పూర్తిగా పరాయి సొత్తు కాదు. 1991 నాటి వియన్నా ఒప్పందం వల్ల మెషీన్ భద్రత ప్రమాణాలు చాలావరకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ, సెన్ కలిసి తెచ్చినవే. ఐఎస్ఓలో మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఉంది. మన భారీ పరిశ్రమల శాఖ 2024లో మెషీన్ల భద్రత మీద ఇచ్చిన ఉత్తర్వు కూడా ఐఎస్ఓ 12100నే మన ఐఎస్ నంబరుతో ముందు పెట్టింది. దాని అమలు తేదీ వాయిదా పడిందనుకోండి, అది వేరే కథ.

చదవాలంటే కొనాలి, అవి చవక కాదు. ఈ విషయంలో నాకూ మంటే. బొమ్మల భద్రత ప్రమాణాలు జనానికి ఉచితంగా చూపించాల్సిందేనని ఒక కేసులో యూరోపియన్ న్యాయస్థానం 2024 మార్చిలో తీర్పిచ్చింది. చట్టంలో భాగమైనదాన్ని దాచిపెట్టకూడదని. మన మెషీన్ల ప్రమాణాలకు మేం ఇప్పటికీ డబ్బు కడుతూనే ఉన్నాం. ఒక చిట్కా: జర్మన్ సంస్థ ముద్రణకు బదులు ఎస్తోనియా ప్రమాణాల సంస్థ దగ్గర కొనండి. అదే ఇంగ్లిష్ పాఠం, ధరలో చాలా తేడా.

ఇక పని విషయానికి వస్తాను. కొత్త స్విచ్‌లు వేరే తయారీదారు దగ్గర ఆర్డరిచ్చాం, బాణం గుర్తు, డిక్లరేషన్ రెండూ ముందే చూసుకుని. దీపావళిలోపు ఆగిన ప్యానెళ్లన్నీ పంపిస్తాం. రేటులో తేడా మాదే, ఒప్పుకున్న ఆర్డర్లకు ఒక్క రూపాయి పెంచం.

మా కొటేషన్లలో "సీఈ సర్టిఫైడ్ ప్యానెల్" అనే మాట తీసేశాం. పక్క సందులో సగం రేటుకు సర్టిఫికెట్‌తో సహా ఇస్తారని నాతో అన్నవాళ్లున్నారు. వెళ్లాలనుకుంటే వెళ్లండి, డ్రాయింగులు మీవే, ఇచ్చేస్తాను. మెషీన్ మీద సీఈ గుర్తు పెట్టి సంతకం చేయాల్సింది మెషీన్ తయారుచేసే మీరు. టెక్నికల్ ఫైలు పదేళ్లు ఉంచాల్సిందీ మీరే. ఆ ఫైలుకు మా వంతుగా సర్క్యూట్ డ్రాయింగులు, ప్రతి సేఫ్టీ పార్ట్ డిక్లరేషన్, ఈఎన్ ఐఎస్ఓ 13849 ప్రకారం పెర్ఫార్మెన్స్ లెవెల్ (సేఫ్టీ సర్క్యూట్‌ను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే స్థాయి) లెక్క ఇస్తాం. లెక్క సిస్టెమాలో చేస్తాం, జర్మనీవాళ్లు ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేరే, మీవాళ్లూ తెరిచి సరిచూసుకోవచ్చు. పాత మెషినరీ డైరెక్టివ్ స్థానంలో వస్తున్న కొత్త మెషినరీ రెగ్యులేషన్ అమలు తేదీ 2027 జనవరి 20. ఆ తర్వాత షిప్ చేసేవాళ్లు ఇప్పుడే చెప్పండి.

వైర్ల రంగుల గురించి రోజూ ఫోన్లొస్తున్నాయి. యూరప్ ప్యానెల్‌లో పవర్ వైర్లన్నీ నలుపే. ఎరుపు, పసుపు, నీలం ఫేజులు అందులో వెతకొద్దు. ఏసీ కంట్రోల్ ఎరుపు, డీసీ కంట్రోల్ నీలం. ఇది ఈఎన్ 60204-1 సిఫార్సు. నారింజ రంగు కనిపిస్తే మాత్రం మెయిన్ స్విచ్ ఆఫ్ చేసినా అందులో కరెంటు ఉండొచ్చని అర్థం. మీ ఎలక్ట్రీషియన్లకు ఇది తప్పక చెప్పండి.

మీ దగ్గర ఆ సప్లయర్ స్విచ్‌లు స్పేర్‌గా ఉంటే బాణం ఉందో లేదో చూసి, లేనివి మాకు పంపండి, మార్చి ఇస్తాం. మీరు ఎక్కడ కొన్నా సరే, బిల్లు అడగం.