పానగల్లు నీడ, నా 40కి 7

నల్లగొండ,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టు, పడతాను. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, బత్తాయికి ఈసారీ ధర లేదు, నా ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. ఇక అసలు విషయం. ఇది నీకు చెబితే తప్ప నాకు నిద్ర పట్టదు.

మొన్న అక్క కూతురిని పానగల్లు తీసుకెళ్లాను. ఛాయా సోమేశ్వరాలయం గురించి హాస్టల్లో నీ చెవులు హోరెత్తేలా చెప్పాను కదా. కందూరు చోడుల నాటి గుడి, చుట్టూ పొలాలు, లోపల శివుడి వెనక పొద్దస్తమానం కదలని స్తంభం నీడ. గొప్పగా చెప్పుకోవడమే కానీ, నాలుగేళ్లు ఫిజిక్స్ చదివి కూడా ఆ నీడ ఎందుకు కదలదో ఒక్కసారైనా ఆలోచించలేదు. చూడు నా తెలివి!

పిల్ల అయిదో తరగతి. "మామా, ఇది ఏ స్తంభం నీడ?" అంది. ఎదురుగా ఉన్నదాన్ని దర్జాగా చూపించాను. అది ఏమీ అనలేదు. ప్రసాదం తింది, కోనేటి దగ్గర ఆడింది, మధ్యాహ్నం మళ్లీ లోపలికి లాక్కెళ్లింది. "పొద్దు అటు తిరిగింది. నీడ తిరగలేదు. నువ్వు చెప్పింది తప్పు కదా?"

పూజారి నవ్వాడు. నాకు మాత్రం కడుపులో అదే పాత చలి. మన కాలేజీలో మొదటి క్విజ్ పరీక్ష పేపరు చేతికొచ్చిన రోజు గుర్తుందా? 40కి 7. ఇంటర్లో జిల్లా అంతా మెచ్చుకున్న బుర్ర! ఆ రాత్రి నీ మూడో సమోసా సిద్ధాంతమే లేకపోతే నేను పెట్టె సర్దుకునేవాణ్ణి.

ఒక మాట ఎప్పుడూ చెప్పలేదు. రెండో సెమిస్టరులో నీకు 11 వచ్చినప్పుడు, నిన్ను ఓదారుస్తూనే లోపల సంతోషపడ్డాను. ఒకడు పడితేనే ఇంకొకడి గ్రేడు లేచే లెక్క కదా అక్కడ. లెక్కను అంటున్నాను కానీ సంతోషపడింది నేనే. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది, అందుకని

సరే, గుడికి వస్తాను. బస్సులో పిల్ల నిద్రపోయింది, నేను టికెట్టు వెనక గీతలు గీస్తూ కూర్చున్నాను. మన విద్యుదయస్కాంత సారు బోర్డు నిండా రాసి, చివర్లో తప్పు కనిపించి, మొత్తం చెరిపేసి, "నాకు ఇప్పుడు తెలియడం లేదు, రేపు చూద్దాం" అన్నాడు చూడు, ఆ రోజు మనం ఆయన్ని వెక్కిరించాం. ఆ కాలేజీలో నాకు దక్కింది బహుశా ఆ ఒక్క మాటే. పిల్ల లేవగానే అదే చెప్పాను. "అయితే రేపు చూద్దాం" అంది, ఏమాత్రం చిన్నచూపు లేకుండా.

మర్నాడు చెప్పుల డబ్బాకు (నీ పోయిన ఎడమ చెప్పుకు నివాళి!) రెండు పక్కలా కిటికీలు కోసి, పల్చటి తెల్ల కాగితం అంటించి, లోపల పెన్సిళ్లు నిలబెట్టాం. కిటికీ బయట టార్చి అటూ ఇటూ తిప్పితే వెనక గోడ మీద నీడ కదలలేదు! ఎందుకంటే లోపలికి వచ్చేది సూటి ఎండ కాదు, చెదిరిన వెలుగు. సూర్యుడు ఎటు తిరిగినా వెలుగు వచ్చే దారులు మాత్రం కదలవు. రెండు వైపుల వెలుగూ స్తంభాల వల్ల అందని చోట చీకటి పట్టీ నిలిచిపోతుంది. సూర్యాపేటలో ఒక ఫిజిక్స్ అధ్యాపకుడు ఈ చిక్కు ఎప్పుడో విప్పాడని తర్వాత బావ చెప్పాడు. పోనీలే, మా డబ్బా మాది.

పిల్ల అంతటితో ఒప్పుకోలేదు. "పెన్సిలు నీడ సరే, గుడిలో ఏ స్తంభానిది?" అంటోంది. ఒక్కదానిది కాదేమో, రెండు మూడింటివి కలిసి ఒకటిగా కనిపిస్తున్నాయేమో అని నా అనుమానం. వచ్చే ఆదివారం దారం, కొలబద్ద పట్టుకుని మళ్లీ వెళ్తున్నాం. నువ్వూ వస్తే, ఆ 11 మార్కుల సంగతి ఎదురుగా కూర్చుని

బావ బస్టాండుకు బయలుదేరాడు, కవరు ఇవ్వమని గుమ్మంలో అరుస్తున్నాడు. అంటించేస్తున్నాను.

నీ
7 బటా 40